అమ్మ నోట్లో నాలుగు నెలలుగా పుండ్లు, రిపోర్టులో 'డెస్మోగ్లీన్' అని రాశారు. ఏంది ఇది?

దేవరకొండ_చిన్నోడు
మా అమ్మకు 52 ఏళ్లు. దసరా అయిన వారం నుంచి నోట్లో పుండ్లు. ముందు బుగ్గ లోపల ఒకటి వచ్చింది, తర్వాత చిగుళ్ల మీద, ఇప్పుడు అంగిలి దాకా పాకాయి. వేడి చేసిందన్నారు, సబ్జా నీళ్లు తాగించినం. బి కాంప్లెక్స్ అన్నారు, మూడు డబ్బాలు అయిపోయినయి. ఊళ్లో ఒకాయన సర్పి అని చెప్పి జాజు పూసి మంత్రం కూడా వేశాడు. రోజుకు మూడు జొన్నరొట్టెలు తినే మనిషి ఇప్పుడు గంజి కూడా కళ్లు మూసుకొని మింగుతోంది.

చివరికి పట్నం తీసుకుపోతే ముక్క తీసి పరీక్షకు పంపారు. పెంఫిగస్ వల్గారిస్ అని వచ్చింది. రక్తపరీక్షలో 'యాంటీ డెస్మోగ్లీన్ 3 పాజిటివ్'. "కణాలను పట్టి ఉంచే ప్రొటీన్ మీద మీ అమ్మ ఒళ్లే దాడి చేస్తోంది" అన్నారు డాక్టర్ గారు. బయట యాభై మంది లైన్లో ఉన్నారు, ఆయన తప్పు కాదు. కానీ నాకు ఆ ఒక్క మాట దగ్గరే బండి ఆగిపోయింది. కణాలను ఒకటి పట్టి ఉంచాలా? అవి పక్కపక్కన ఊరికే అతుక్కొని ఉండవా?

ఇంకోటి. రిపోర్టు విన్న రోజే మా చిన్నమ్మ అమ్మ గ్లాసు వేరు పెట్టింది. ఆ కోపం వేరే.

బత్తాయి_తోట
కాల్షియం తక్కువైందేమో చూపించు తమ్మీ. మా ఇంట్లో ఏ రోగం వచ్చినా చివరికి అదే తేలుతది.

పాలమూరు_పంతులు
పదో తరగతి పిల్లలకు నేను చెప్పేది ఇదీ. చర్మం, నోటి లోపలి పొర, పేగు లోపలి పొర, వీటన్నిటినీ ఉపకళా కణజాలం అంటాం. ఇటుక గోడ అనుకో. ఇటుకలు కణాలు, మధ్యలో సిమెంటు ఈ ప్రొటీన్లు. మీ అమ్మగారి విషయంలో సిమెంటు కరుగుతోంది.

ల్యాబ్_రాత్రిడ్యూటీ
సార్, మీ మీద గౌరవంతోనే అంటున్నా, సిమెంటు పోలిక నాకు నచ్చదు. సిమెంటు ఒకసారి గట్టిపడితే అంతే. పేగు లోపలి కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. చర్మంలో అడుగున పుట్టిన కణం దాదాపు నెల రోజుల్లో పైకి ఎక్కి పొట్టులాగా రాలిపోతుంది. గోడలో ఇటుకలు నడుచుకుంటూ పైకి పోతాయా? ఇవి టిచ్ బటన్లు సార్. ఊడదీసి మళ్లీ పెట్టుకునేవి.

నేను ఇప్పుడు రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉన్నా గానీ అంతకుముందు హైదరాబాద్‌లో కణాలు పెంచే ల్యాబ్‌లో రెండేళ్లు పనిచేశా. ప్లాస్టిక్ డబ్బా అడుగున కణాలు పరుపులాగా పరుచుకొని ఉంటాయి. వాటిని విడదీయాలంటే ట్రిప్సిన్, ఈడీటీఏ కలిపిన నీళ్లు పోస్తాం. ట్రిప్సిన్ ప్రొటీన్లను కత్తిరిస్తుంది, ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కొద్ది నిమిషాలే. మైక్రోస్కోప్‌లో చూస్తే ఒకదాని చేయి ఒకటి వదిలేసి గుండ్రంగా ముడుచుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు చాయ చల్లారిపోయింది. ఊదారంగు మూత ఉన్న రక్తం ట్యూబ్ అందరూ చూసే ఉంటారు, దాంట్లో ఉండేది అదే ఈడీటీఏ.

బత్తాయి_తోట
చూశారా, కాల్షియం అన్నానా లేదా.

ల్యాబ్_రాత్రిడ్యూటీ
అన్నారు అన్నా, కానీ మీరన్న అర్థంలో కాదు. 😄

ఎమ్మెస్సీ_రెండో_ఏడు
నేను నల్గొండలో జువాలజీ చదువుతున్నా, ఈ పాఠం పోయిన సెమిస్టర్‌లోనే అయింది. రాత్రిడ్యూటీ అక్క చెప్పిన దాంట్లోనే అసలు కథ ఉంది. 1970లలో జపాన్‌లో మసతోషి టకేచి అనే ఆయన కనిపెట్టింది కూడా ఇలాంటి గిన్నెల దగ్గరే. కాల్షియం ఉంటే కొన్ని అతుకు ప్రొటీన్లను ట్రిప్సిన్ కత్తిరించలేదు, కాల్షియం తీసేస్తే కత్తిరిస్తుంది. అంటే కాల్షియం ఆధారంగా నిలబడే ప్రొటీన్ ఒకటి ఉందని ఆయన పట్టుకున్నారు. వాటికే తర్వాత క్యాడ్‌హెరిన్లు అని పేరొచ్చింది.

ఈ-క్యాడ్‌హెరిన్ ఉపకళా కణాలది. కణం పొర లోంచి బయటికి ఐదు పూసల దండలాగా పొడుచుకొని వస్తుంది. పూసకూ పూసకూ మధ్య కాల్షియం అయాన్లు కూర్చుంటాయి. అవి ఉంటే దండ కర్రలాగా నిటారుగా నిలబడుతుంది, లేకపోతే వేలాడిపోతుంది. చిట్టచివరి పూస దగ్గర ట్రిప్టోఫాన్ అనే ఒక అమైనో ఆమ్లం ఉంటుంది. పక్క కణం నుంచి వచ్చిన దండకూ అట్లాంటిదే ఉంటుంది. ఇది దాని జేబులో, అది దీని జేబులో దూరుతుంది. ఇద్దరు పిల్లలు ఒకరి అంగీ జేబులో ఒకరు వేలు పెట్టి నడిచినట్టు. ఒక్క జత బలం తక్కువే. వందలు, వేలు ఒకచోట చేరితేనే పట్టు.

లోపలి వైపు తోకకు బీటా-కటెనిన్, దానికి ఆల్ఫా-కటెనిన్, దానికి ఆక్టిన్ తాళ్లు. అంటే బయట బటన్, లోపల తాడు. తాడు లేకపోతే బటన్ బట్టలోంచి చినిగి వచ్చేస్తుంది.

దేవరకొండ_చిన్నోడు
ఇప్పుడు కొంచెం తలకెక్కుతోంది తమ్మీ. కానీ అమ్మ రిపోర్టులో ఉన్నది డెస్మోగ్లీన్. ఇది క్యాడ్‌హెరిన్ కాదు కదా?

ఎమ్మెస్సీ_రెండో_ఏడు
క్యాడ్‌హెరిన్ల ఇంటిదే, దాయాది అనుకో అన్నా. ఉపకళలో అతుకులు ఒక రకం కాదు. పేగు కణం తీసుకుంటే అన్నిటికన్నా పైన బిగుతు అతుకులు ఉంటాయి. వాటిలో క్లాడిన్లు. 1998లో షోయిచిరో త్సుకిటా బృందం పేరు పెట్టింది, లాటిన్‌లో మూసేయడం అనే మాట నుంచి. వీటి పని పట్టుకోవడం కన్నా కారకుండా చూడడం. కొన్ని క్లాడిన్లు గేటు దగ్గర వాచ్‌మన్ లాంటివి, ఫలానా అయానునే పోనిస్తాయి. దాని కింద ఈ-క్యాడ్‌హెరిన్ వరస నడుం పట్టీలాగా చుట్టూ ఉంటుంది. ఆ కింద అక్కడక్కడ చుక్కల్లాగా డెస్మోసోములు. డెస్మోగ్లీన్, డెస్మోకోలిన్ ఉండేవి వీటిలోనే. లోపల డెస్మోప్లాకిన్ అనే కొక్కెం ద్వారా కెరటిన్ తాళ్లకు కట్టి ఉంటాయి. రాపిడి తట్టుకునేది ఇదే. అందుకే చర్మంలో, నోట్లో, గుండె కండరంలో ఇవి ఎక్కువ.

పాలమూరు_పంతులు
ఒప్పుకున్నా, టిచ్ బటన్లే. వచ్చే సంవత్సరం నుంచి సిమెంటు బంద్.

ఒకటి చేరుస్తా. చర్మంలో ముళ్ల పొర అని ఒకటి ఉంటుంది. స్లైడ్ తయారు చేసేటప్పుడు కణాలు ముడుచుకుపోతాయి, డెస్మోసోములు ఉన్న చుక్కల దగ్గర మాత్రం పక్కదాన్ని వదలవు. అందుకని ఒక్కో కణం పల్లేరుకాయలాగా కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు ఆ బొమ్మ బోర్డు మీద వేశాను, ఆ ముళ్లు ఏమిటని ఒక్క పిల్లవాడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

పార_పట్టినోడు
చేలో ఒడ్డు చెక్కిన మొదటి రోజు అరచేతిలో బొబ్బ వస్తది కదా, అది కూడా ఇదేనా?

మిర్యాలగూడ_పళ్లడాక్టర్
దగ్గరే. రాపిడి బొబ్బలో కూడా చీలిక పంతులు గారు చెప్పిన ముళ్ల పొరలోనే వస్తుంది. తేడా ఏమిటంటే మీ దగ్గర బటన్లు మంచివే, పార కర్ర వాటిని మించి గుంజింది. చిన్నోడి అమ్మగారి దగ్గర గుంజేవాళ్లు ఎవరూ లేరు, బటన్లే పట్టు తప్పాయి. రొట్టె ముక్క తగిలినా చాలు.

చిన్నోడూ, ఇలాంటి నోళ్లు నేను ఏడాదికి ఒకరిద్దరివి చూస్తాను. వచ్చేటప్పటికి అందరి దగ్గరా బి కాంప్లెక్స్ కథ ఉంటుంది. నోట్లో బొబ్బ నిలవదు, పుట్టగానే పగిలి పుండు అవుతుంది, అందుకే ఎవరూ బొబ్బల జబ్బు అనుకోరు. రెండు మూడు వారాల్లో మానని నోటి పుండు ఏదైనా సరే చూపించుకోవాలి, మా దగ్గరికైనా చర్మం డాక్టర్ దగ్గరికైనా.

గ్లాసు సంగతి. ఇది అంటుకోదు. ఎంగిలితో రాదు, ముట్టుకుంటే రాదు, పక్కన పడుకుంటే రాదు. క్రిమే లేనప్పుడు అంటుకునేది ఏముంది? మీ చిన్నమ్మగారికి ఈ పోస్టు చదివి వినిపించండి.

దేవరకొండ_చిన్నోడు
వినిపించిన డాక్టర్ గారు. "కంప్యూటర్లో ఎవరో రాస్తే నమ్ముతావా" అంది. గ్లాసు ఇంకా కిటికీలోనే ఉంది.

మరి నోట్లోనే ఎందుకు వచ్చింది, చర్మం మీద ఎందుకు రాలేదు?

మిర్యాలగూడ_పళ్లడాక్టర్
మంచి ప్రశ్న, దీనికి జవాబు కూడా అందంగా ఉంటుంది. డెస్మోగ్లీన్ 1, 3 అని రెండు ముఖ్యం. నోటి పొర ఎక్కువగా 3 మీదే ఆధారపడింది. చర్మంలో 1 కూడా దండిగా ఉంది. మీ అమ్మగారి రక్తంలో యాంటీబాడీలు, అంటే ఆ దాడి చేసే ప్రొటీన్లు, 3 మీదే ఉన్నాయి కాబట్టి చర్మంలో 1 ఆ పని కూడా తనే చూసుకుంటోంది. నోట్లో చూసుకునే తోడు లేదు. రెండిటి మీదా యాంటీబాడీలు వస్తే ఒంటి మీద కూడా బొబ్బలు వస్తాయి. అందుకే మందు ఇప్పుడే గట్టిగా వాడాలి. 1 మీద మాత్రమే వస్తే అది వేరే రకం, పెంఫిగస్ ఫోలియేసియస్. చర్మం పైపైన పొట్టులా లేస్తుంది, నోరు బాగుంటుంది.

రిపోర్టులో 'గోరీల వరస' అన్న మాట ఉంటే భయపడకండి. అడుగు వరస కణాలు కింది పొరను గట్టిగానే పట్టుకొని ఉంటాయి, ఎందుకంటే అక్కడ అతుకులు వేరు, ఇంటెగ్రిన్లు అనే వేరే ప్రొటీన్లవి. పక్క కణాలతో, పైవాటితో మాత్రం పట్టు పోతుంది. కాబట్టి విడివిడిగా నిలబడి సమాధి రాళ్లలా కనిపిస్తాయి. పేరు పెట్టినవాడికి రోగి చదువుతాడని తట్టలేదు.

అచ్చంపేట_అక్క
ఆ మాట మా పెద్దమ్మ రిపోర్టులో చదివి మా బావ రెండు రోజులు అన్నం తినలేదు.

పసరు_వైద్యం
స్టెరాయిడ్ వాడితే ఒళ్లు ఉబ్బుతది, ఎముకలు గుల్లబారుతయి, షుగర్ వస్తది. అవి బంద్ చేసి పొద్దున్నే పరగడుపున వేపాకు, పసుపు ముద్ద మింగించు. నలభై రోజులు.

అచ్చంపేట_అక్క
పై పోస్టుకు జవాబు నేను చెప్తా. మా పెద్దమ్మకు 1990లలో వచ్చింది ఇదే జబ్బు, నోటితో మొదలై వీపంతా. అప్పట్లో పల్స్ అని చేసేవాళ్లు. నెలకు మూడు రోజులు సెలైన్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, అందులో ఒక రోజు సైక్లోఫాస్ఫమైడ్ కూడా. మళ్లీ నెలకు మళ్లీ. ఐదు పల్స్‌లకు బొబ్బలు ఎండిపోయాయి. బాగైంది కదా అని మానేసి ఇంట్లో ఇట్లాంటి పసరే మింగింది. మూడు నెలలు. మళ్లీ తీసుకుపోయినప్పుడు అరటి ఆకు మీద పడుకోబెట్టి తీసుకుపోయినం, బట్ట తగిలితే తోలు లేచేది. బతికింది, ఇప్పటికీ ఉంది, కానీ ఆ మూడు నెలల కోసం మూడేళ్లు తిరిగింది.

మిర్యాలగూడ_పళ్లడాక్టర్
ఆ పల్స్ పద్ధతి మన దేశంలో పుట్టిందే. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రీచా మొదలుపెట్టారు. స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది చనిపోయేవాళ్లు, అది గుర్తు పెట్టుకోవాలి. పసరు వైద్యం గారు చెప్పిన దుష్ఫలితాలు అబద్ధం కాదు, అందుకే షుగర్, బీపీ, ఎముకలు చూసుకుంటూ ఇస్తారు. కానీ వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే అది వేరే ప్రమాదం. ఇప్పుడు రిటుక్సిమాబ్ కూడా ఉంది. యాంటీబాడీలు తయారుచేసే దారిలో ఉన్న బి కణాలను తీసేస్తుంది. అమెరికాలో ఈ జబ్బుకు 2018లో అనుమతి వచ్చింది, మన దగ్గర కూడా వాడుతున్నారు. మీ అమ్మగారికి ఏది సరిపోతుందో ఆవిడను చూసే డాక్టర్ చెప్పాలి, నేను కాదు.

దేవరకొండ_చిన్నోడు
స్టెరాయిడ్‌తో పాటు కాల్షియం మాత్రలు కూడా రాశారు. ఇంత చదివాక అవి బటన్లు గట్టిపడడానికేమో అనుకున్నా.

మిర్యాలగూడ_పళ్లడాక్టర్
కాదండీ, ఎముకల కోసం.

మర్రిగూడ_మనిషి
నాకో డౌట్. మా వైపు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. మా నాన్న నడుం అందుకే వంగింది. ఫ్లోరైడ్ కాల్షియాన్ని పట్టుకుంటదని బడిలో విన్నా. మరి ఆ లెక్కన మా వాళ్ల కణాలన్నీ ఊడిపోవాలి కదా?

ల్యాబ్_రాత్రిడ్యూటీ
ఈ ప్రశ్న మా ల్యాబ్‌లో ఎవరూ అడగలేదు, బాగుంది. ఊడవు. రక్తంలో కాల్షియం 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది, డెసిలీటర్‌కు. కొంచెం తగ్గగానే మెడలో ఉన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఎముక నుంచి తీసి నింపుతాయి. బటన్లు ఊడేంత తగ్గడానికి చాలా ముందే చేతులు కొంకర్లు పోతాయి, గుండె లయ తప్పుతుంది. నేను గిన్నెలో చేసేది ఒంట్లో జరగదు. తాగే నీళ్ల ఫ్లోరైడ్ దెబ్బ ప్రధానంగా ఎముక మీద, పళ్ల మీద. బోరు నీళ్లు తాగకండి, అది మాత్రం నిజం.

పాలమూరు_పంతులు
పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. మన జిల్లా పేరు పుస్తకాల్లోకి ఎక్కింది ఏ కారణంతోనో చూడు.

కల్వకుర్తి_కండక్టర్
కాల్షియం అన్నారు కాబట్టి నా సంగతి చెప్తా. మా నాన్నకు, నాకు, మా అన్నకు ప్రతి ఎండకాలం చంకల్లో, గజ్జల్లో నీళ్ల పొక్కులు, పగుళ్లు. డ్యూటీలో నిలబడి నిలబడి చెమట పడితే నరకం. పన్నెండేళ్లు తామర అని మందులు పూశా. చివరికి మహబూబ్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ బయాప్సీ చేసి హేలీ-హేలీ అంది. పేరు విని నవ్వొచ్చింది, జబ్బుకు నవ్వు రాలేదు. కణం లోపల కాల్షియం తోడే పంపు జన్యువు పాడైందట. పుట్టుకతోనే ఉంటదట గానీ నాకు ఇరవై దాటాకే బయటపడింది.

ఎమ్మెస్సీ_రెండో_ఏడు
ఏటీపీ2సీ1 జన్యువు అన్నా! కణం లోపల ప్రొటీన్లను సర్ది పంపే గాల్గీ అనే భాగంలోకి కాల్షియం పంపే మోటారు. అది సరిగా నడవకపోతే పైపొర కణాల మధ్య పట్టు సడలుతుంది. పెంఫిగస్‌లో బయటి నుంచి యాంటీబాడీ కొడుతుంది, మీ దగ్గర యాంటీబాడీలే లేవు, లోపలే లోటు. మైక్రోస్కోప్‌లో దీన్ని కూలిపోతున్న ఇటుక గోడలా ఉందంటారు.

పాలమూరు_పంతులు
ఇటుక గోడ! నన్నంటిరి కదా.

కల్వకుర్తి_కండక్టర్
తమ్మీ, నా జబ్బు మీద నీకు అంత సంతోషం ఏంది.

ఎమ్మెస్సీ_రెండో_ఏడు
సారీ అన్నా.

వనపర్తి_వదిన
మా చిన్నబాబుకు మూడేళ్లప్పుడు ముక్కు దగ్గర పుండు, తర్వాత పొట్ట మీద పెద్ద పెద్ద నీటి బుడగలు. మూడు రోజుల్లో వీధిలో ఇంకో ఇద్దరు పిల్లలకు వచ్చాయి. అదీ ఇదేనా? అంటుకోదన్నారు కదా.

మిర్యాలగూడ_పళ్లడాక్టర్
అది అంటుకునేదే, స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. వింత ఏమిటంటే ఆ బ్యాక్టీరియా వదిలే విషం కత్తెరలాగా సరిగ్గా డెస్మోగ్లీన్ 1నే కత్తిరిస్తుంది. వేరేదాన్ని ముట్టుకోదు. అందుకే బుడగ చర్మం పైపైనే ఉంటుంది, యాంటీబయాటిక్‌తో మచ్చ లేకుండా మానుతుంది. పెంఫిగస్ ఫోలియేసియస్‌లో యాంటీబాడీ చేసే పనే ఇక్కడ క్రిమి చేస్తోంది.

చేనేత_బిడ్డ
నాకు సైన్స్ రాదు. మాది పోచంపల్లి, పాత నల్గొండ జిల్లాయే కదా అని చదువుతున్నా. ఎక్కడన్నా దారం సంగతి వస్తదేమోనని చూస్తున్నా, అన్నీ బటన్లే.

ఎమ్మెస్సీ_రెండో_ఏడు
దారం లేదు గానీ పట్టుబట్ట ఉంది. 1907లో హెచ్.వి. విల్సన్ అనే అమెరికా ఆయన సముద్రపు స్పాంజిని సన్నటి పట్టుబట్టలో వేసి పిండాడు. అవతలికి విడివిడి కణాలు వచ్చాయి. వాటిని ఉప్పునీళ్లలో వదిలేస్తే మెల్లగా ఒకదాన్నొకటి వెతుక్కొని మళ్లీ చిన్న చిన్న స్పాంజిలు అయ్యాయి. కణాలు తమవాళ్లను గుర్తుపట్టి అతుక్కుంటాయన్న ఆలోచనకు ఇది పాతకాలపు ఆధారం.

చేనేత_బిడ్డ
పట్టుబట్టలో స్పాంజి పిండిండా. మా అవ్వ చూసి ఉంటే ఆయన్ను పిండేది.

నల్లమల_గాలి
అతుకు పోతే కణాలు విడిపోయి తిరుగుతాయి కదా, అదే కదా క్యాన్సర్? చిన్నోడి అమ్మకు అటువంటి భయం ఉందా?

మిర్యాలగూడ_పళ్లడాక్టర్
లేదు. ఇక్కడ కణాలు మంచివే, పెరుగుదల అదుపులోనే ఉంది. క్యాన్సర్‌లో ఈ-క్యాడ్‌హెరిన్ పోవడం వేరే కథ. రొమ్ము క్యాన్సర్‌లో లోబ్యులర్ అనే రకంలో చాలావరకు అది ఉండదు, కణాలు చీమల బారులా ఒకదాని వెనక ఒకటి పోతాయి. కొన్ని కుటుంబాల్లో ఆ జన్యువు లోపంతో కడుపు క్యాన్సర్ తరతరాలుగా వస్తుంది. న్యూజిలాండ్‌లో ఒక మావోరి కుటుంబంలో 1998లో బయటపడింది. చిన్నోడి థ్రెడ్‌లో ఈ భయం పెట్టకండి.

దేవరకొండ_చిన్నోడు
మూడు వారాలైంది, అప్‌డేట్. కొత్త పుండ్లు రావడం ఆగింది. పాతవి ఇంకా రెండు ఉన్నాయి, అంగిలిది మొండిగా ఉంది. ముఖం కొంచెం ఉబ్బింది, షుగర్ 180కి పోయింది, దానికి వేరే మాత్ర ఇచ్చారు. నిన్న పెరుగన్నం మెత్తగా పిసికి పెడితే గిన్నె ఖాళీ చేసింది.

మీరు చెప్పినవన్నీ అమ్మకు చెప్పిన. ఇప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లకు ఆమే చెప్తోంది, "నోట్లో టిచ్ బటన్లు ఊడినయట, మళ్లీ కుడుతున్నరట" అని. చిన్నమ్మ కూడా పక్కన కూర్చొని విన్నది. గ్లాసు కిటికీలోంచి దించింది గానీ ఎక్కడ పెట్టిందో చూడలేదు. అమ్మ మామిడికాయ తొక్కు అడుగుతోంది.

మిర్యాలగూడ_పళ్లడాక్టర్
తొక్కు ఇప్పుడే వద్దు. కారం, పులుపు, అప్పడాలు, గట్టి రొట్టె ఏవీ వద్దు. మెత్తటి బ్రష్ వాడమనండి.

అచ్చంపేట_అక్క
మా పెద్దమ్మ ఏడాదిన్నరకు తిన్నది తొక్కు. జాడీ దగ్గర పెట్టుకొని.

పార_పట్టినోడు
మా బర్రె నోట్లో కూడా రెండు రోజులుగా పుండ్లు, సొంగ కారుస్తోంది, కాలు కుంటుతోంది. ఇదేనా?

పాలమూరు_పంతులు
అది గాలికుంటు. విడిగా కట్టేసి పశువుల డాక్టర్‌ను పిలువు, ఇక్కడ కూర్చోకు.

ఎమ్మెస్సీ_రెండో_ఏడు
కానీ సార్, గాలికుంటు వైరస్ కణంలోకి దూరేది కూడా ఇంటెగ్రిన్‌ను పట్టుకునే! అది కూడా అతుకు ప్రొటీనే!

పార_పట్టినోడు
తమ్మీ, డాక్టర్ నంబర్ ఉంటే పెట్టు.